సేల్స్ ట్రైనీగా చేరమంటారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే దారిలో ఉన్నాయి. డిగ్రీ చేతికి రాగానే దొరికే 'గ్రాడ్యుయేట్ సేల్స్ ట్రైనీ' ఉద్యోగాల గురించి అడిగారు. నేను కూడా 1997లో ఒక సబ్బుల కంపెనీలో అలాంటి ట్రైనీగానే చేరాను. గుడివాడలో మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్ళు ఆ పనే చేశాను. అందుకని ఈ వారం మిగతా ఉత్తరాలు పక్కన పెట్టేశాను. రాసినవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది నరసరావుపేట. ఈ ఏడాదే బీకాం అయింది. క్యాంపస్‌కి వచ్చిన ఒక పెద్ద కంపెనీ నన్ను సేల్స్ ట్రైనీగా ఎంపిక చేసింది. సబ్బులు, పేస్టులు, నూనెలు అమ్మే కంపెనీ. ఏడాది శిక్షణ, తర్వాత ఏదో ఒక ఊళ్ళో టెరిటరీ, అంటే చూసుకోవాల్సిన ప్రాంతం, ఇస్తారట. మా నాన్నగారేమో "ఇల్లిల్లూ తిరిగి సబ్బులమ్ముకోవడానికా బీకాం చదివింది, బ్యాంకు పరీక్షలు రాయి" అంటున్నారు. ఆ ఏడాదిలో అసలేం చేయిస్తారు? ఆడపిల్లలు నెగ్గుకురాగలరా?

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి మాట దగ్గరే మొదలుపెడదాం. ఆయన అన్నదాంట్లో సగం నిజం. సబ్బులే, తిరగడమే. కాకపోతే తిరిగేది ఇళ్ళకి కాదు, కొట్లకి.

సరుకు ఎలా నడుస్తుందో తెలిస్తే నీ ఉద్యోగం ఏమిటో తెలుస్తుంది. కంపెనీ తన సరుకుని ఊళ్ళో ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కి అమ్ముతుంది. దీన్ని ప్రైమరీ అంటారు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేసే సేల్స్‌మన్ రోజుకో వీధి చొప్పున కిరాణా కొట్లు తిరిగి ఆర్డర్లు రాస్తాడు. ఇది సెకండరీ. ఏ రోజు ఏ వీధి అన్నదాన్ని బీట్ అంటారు, మన వైపు 'లైన్' అన్నా అదే. "ఇవాళ లైనుకెళ్ళలేదా?" అని ఎవరైనా నిన్ను అడిగారంటే, నువ్వు ఆ ఊరి దానివైపోయావన్నమాట. టెరిటరీ చేతికొచ్చాక అలాంటి డిస్ట్రిబ్యూటర్లు ఆరుగురో పదిమందో నీ కింద ఉంటారు. కింద అన్నానే గానీ వాళ్ళలో ఒక్కరికి కూడా నువ్వు జీతం ఇవ్వవు. సేల్స్‌మన్‌కి జీతం ఇచ్చేది డిస్ట్రిబ్యూటరు, ఆ డిస్ట్రిబ్యూటరేమో తన డబ్బు పెట్టి వ్యాపారం చేసుకుంటున్న మనిషి. నీకంటే ముప్ఫై ఏళ్ళు పెద్దవాళ్ళు, నీ మాట వినాల్సిన అవసరం లేనివాళ్ళు. వాళ్ళ చేత పని చేయించుకోవాలి. ఆ ఏడాది శిక్షణ దీనికోసమే.

వివరాలు కంపెనీని బట్టి మారతాయిగానీ వరస దాదాపు ఒకటే. మొదటి వారమో రెండు వారాలో హైదరాబాద్‌లో ఏదో హోటల్లో క్లాసులు. టీషర్టు ఇస్తారు, గ్రూప్ ఫొటో తీస్తారు, అంత మంచి బిర్యానీ మళ్ళీ ఏడాది దాకా దొరకదు. ఆ తర్వాత రెండు మూడు నెలలు సేల్స్‌మన్ వెంట లైనుకి పంపిస్తారు. ఆ పైన గోడౌను, లెక్కలు, క్లెయిములు, అంటే పాడైన సరుకు వగైరాలకి కంపెనీ తిరిగి ఇవ్వాల్సిన డబ్బు. చివర్లో ఒక చిన్న ప్రాజెక్టు. హిందుస్థాన్ లీవర్ (ఇప్పటి హిందుస్థాన్ యూనిలీవర్) వాళ్ళయితే 1970ల నుంచీ తమ మేనేజ్‌మెంట్ ట్రైనీలను ఉత్తరప్రదేశ్‌లోని ఎటా జిల్లా పల్లెల్లో వారాల తరబడి ఉంచేవాళ్ళు. పెద్ద పెద్ద కాలేజీల్లో చదివి వచ్చిన పిల్లలు అక్కడ రైతుల ఇళ్ళలో ఉండేవాళ్ళు. కాబట్టి ఎండలో తిప్పడం నీకొక్కదానికే చేస్తున్న అన్యాయమేం కాదు.

ఈ వరసలో అన్నిటికన్నా విలువైనవి సేల్స్‌మన్ వెంట తిరిగే ఆ నెలలే. నాకు దొరికిన ఆయన్ని ఊరంతా బాబాయ్ అనేది. టీవీఎస్ ఫిఫ్టీ, సీటు కింద కార్బన్ పేపర్ పెట్టిన ఆర్డరు పుస్తకం, చెవి మీద పెన్ను. కొట్లోకి వెళ్ళి నమస్కారం పెట్టేవాడు, అంతే, ఓనరు వైపు మళ్ళీ చూసేవాడు కాదు. తిన్నగా మన సరుకున్న అర దగ్గరికి వెళ్ళి, ముందున్న సబ్బుని పక్కకి జరిపి వెనక ఎన్ని ఉన్నాయో చూసేవాడు. పాతవి ముందుకు లాగి, చొక్కా చేతితో దుమ్ము తుడిచి, అప్పుడు వెనక్కి తిరిగేవాడు. "ఏం కావాలండీ?" అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. "పోయిన వారం మూడు డజన్లు వేశాను, ఐదు ముక్కలే ఉన్నాయి. నాలుగు రాస్తున్నా" అనేవాడు. కొట్టాయన బేరం పొట్లం కట్టుకుంటూనే తలూపేవాడు. ఏం కావాలని అడిగితే ఏమీ వద్దనడం సులువు. ఉన్న లెక్క ముందు పెడితే కాదనడం కష్టం. హోటల్లో రెండు వారాలు చెప్పింది బాబాయ్ రెండు నిమిషాల్లో చూపించాడు. ఇప్పుడు పుస్తకం పోయి ఫోన్లో యాప్ వచ్చింది, కొందరు కొట్లవాళ్ళు తామే ఫోన్లో ఆర్డరు పెట్టుకుంటున్నారు. అయినా అరలో ముందు సబ్బు జరిపి వెనక చూసే పని ఏ యాప్ చేయదు.

నా మొదటి వారంలోనే ఒక కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "కొత్తమ్మాయా? ఆర్డరు తర్వాత రాద్దువుగాని, ముందిది చూడు" అని కౌంటరు కింద నుంచి ఒక గోనెసంచి లాగి నా కాళ్ళ దగ్గర పడేశాడు. ఎలుకలు కొట్టిన సబ్బులు, కారిపోయిన షాంపూ ప్యాకెట్లు. ఎనిమిది నెలలుగా ఎవరూ తీసుకెళ్ళలేదట. మొత్తం విలువ 412 రూపాయలు. ఆ 412 రూపాయలకి డిస్ట్రిబ్యూటర్ గుమస్తా చుట్టూ, కంపెనీ డిపో చుట్టూ మూడు వారాలు తిరిగాను. ఆ డబ్బు ఆయన ఖాతాలో తగ్గిస్తామని రాసిచ్చే కాగితం, అదే క్రెడిట్ నోటు, తీసుకెళ్ళి చేతిలో పెడితే ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి గల్లా పెట్టెలో వేసుకున్నాడు. ఆ రోజు ఆర్డరెంతో తెలుసా? అర డజను. సినిమాల్లోలాగా ఏం జరగలేదు. కాకపోతే ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా స్టూలు జరిపి "కూర్చోమ్మా" అనేవాడు. మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద ఆ స్టూలు విలువ తిరిగినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక ఆడపిల్లల సంగతి. నల్గొండ జిల్లా పల్లెల్లో 2001 ప్రాంతంలో స్వయం సహాయక సంఘాల మహిళలే సబ్బులు, షాంపూలు తీసుకుని ఊళ్ళో అమ్మడం మొదలుపెట్టారు. హిందుస్థాన్ లీవర్ 'ప్రాజెక్ట్ శక్తి' పుట్టింది అక్కడే. చదువు అంతంతమాత్రంగా ఉన్న ఆడవాళ్ళు చేసిన పని బీకాం చదివిన నువ్వు చేయలేవా అని నాన్నగారిని నా తరఫున అడుగు.

అలాగని ఇబ్బందులు లేవని చెప్పను. మొదటి ఇబ్బంది బాత్రూమ్. ఎవరూ చెప్పరు, క్లాసులో అసలే చెప్పరు. నేను మొదటి రెండు నెలలు నీళ్ళు తాగడం మానేసి, యూరిన్ ఇన్‌ఫెక్షన్ తెచ్చుకుని పది రోజులు మంచం ఎక్కాను. నువ్వు ఆ పని చేయకు. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి ఉండాలన్నది చమురు కంపెనీలు పెట్టిన నిబంధనే, మొహమాటం లేకుండా అడుగు. చాలామంది డిస్ట్రిబ్యూటర్ల ఇల్లు గోడౌను పైనో పక్కనో ఉంటుంది. వాళ్ళింటి ఆడవాళ్ళతో మొదటి రోజే పరిచయం చేసుకో. గుడివాడలో ఆ ఇంటి పెద్దావిడ నాకు రెండేళ్ళపాటు మజ్జిగ పోసింది. ఆవిడ చెప్పబట్టే వాళ్ళాయన నాకు ఒకటి రెండు చెక్కులు త్వరగా ఇచ్చాడని నా అనుమానం.

రెండోది మనుషులు. ఎక్కువమంది మర్యాదస్తులే, కొందరు కాదు. పని చేసేచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టంలో 'పని చేసేచోటు' అంటే ఆఫీసు ఒక్కటే కాదు. పని మీద వెళ్ళిన ప్రతి చోటూ వస్తుంది, కంపెనీ ఏర్పాటు చేసిన వాహనంతో సహా. డిస్ట్రిబ్యూటర్ గోడౌన్లో జరిగినా నీ కంపెనీలోని అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. చేరిన రోజే ఆ కమిటీ ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ రాసి పెట్టుకో. అడగడానికి సిగ్గుపడకు. అడిగితే మొహం చిట్లించే హెచ్‌ఆర్ అయితే ఆ సంగతీ ముందే తెలిసిపోతుంది.

చేరేముందు మాత్రం మూడు విషయాలు కాగితం మీద తెప్పించుకో. ఏడాదికి ఇంత అని చెప్పిన జీతంలో కంపెనీ వాటా పీఎఫ్ ఎంత, టార్గెట్ కొడితేనే వచ్చే ఇన్సెంటివ్ ఎంత, అవి తీసేస్తే నెలకి చేతికొచ్చేది ఎంత? తిరుగుడు ఖర్చులు, అదే టీఏ డీఏ, ఎన్నాళ్ళకి ఇస్తారు? ట్రైనీగా ఉండగా టార్గెట్ ఉంటుందా? మూడోదానికి "మొదటి నెల నుంచే" అని జవాబొస్తే అది శిక్షణ కాదు, తక్కువ జీతానికి ఇస్తున్న సేల్స్ ఉద్యోగం. అది తప్పని కాదు, తెలిసి చేరాలి.

బ్యాంకు పరీక్షలు మానేయమని నేననను. కానీ నెలాఖరు క్లోజింగ్, అంటే ఆ నెల టార్గెట్ లెక్క ముగించే హడావుడి, పెట్టుకుని అదే వారం పరీక్షకి చదవడం ఎవరివల్లా కాదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టేకంటే ఒక్క ఏడాది ఇది చేసి చూడు. నా సలహా అయితే చేరు. ఈలోగా మీ ఇంటికి సరుకులు తెచ్చే కొట్టు దగ్గర ఒక ఉదయం గంటసేపు నిలబడు, నాన్నగారిని కూడా తీసుకెళ్ళు. ఏ కంపెనీ సేల్స్‌మన్ వచ్చాడు, ఏం చూశాడు, కొట్టాయన ఎవరిని కసిరాడు, ఎవరికి టీ చెప్పాడు, అన్నీ గమనించండి. ఇంటికొచ్చాక మళ్ళీ మాట్లాడుకోండి.

ప్రశ్న: మేడమ్, కర్నూలు నుంచి రాస్తున్నాను. ట్రైనీగా చేరి ఆరు నెలలైంది. నెలాఖరున టార్గెట్‌కి ఎనిమిది లక్షలు తక్కువ పడింది. ఆ సరుకంతా డిస్ట్రిబ్యూటర్‌కి బిల్లు వేయించమని మా ఏరియా మేనేజర్ ఒత్తిడి చేస్తున్నారు. "అమ్ముడుపోకపోతే వచ్చే నెల వెనక్కి తీసుకుంటామని చెప్పు, అందరూ చేసేదే" అంటున్నారు. డిస్ట్రిబ్యూటర్ పెద్దాయన, నన్ను సొంత మనవడిలా చూస్తారు. ఏం చేయాలో తోచడం లేదు, నిద్ర పట్టడం లేదు.

జవాబు: బాబూ, దీన్ని లోడింగ్ అంటారని ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. అందరూ చేసేదే అన్నది నిజమే. నేను కూడా చేశాను. అందుకే చెబుతున్నా, ముందు కాగితం, పెన్ను తీసుకో.

ఉదాహరణకి ఆ పెద్దాయన నెలకి ముప్ఫై లక్షల వ్యాపారం చేస్తాడనుకుందాం. గోడౌన్లో సరుకు పన్నెండు లక్షలు, కొట్లవాళ్ళ దగ్గర బాకీలు ఆరు లక్షలు, కంపెనీ నుంచి రావాల్సిన క్లెయిములు రెండు లక్షలు. మొత్తం ఇరవై లక్షలు ఆయన డబ్బు ఇరుక్కుని ఉంది. మార్జిన్ ఐదు శాతమైతే లక్షన్నర. అందులో సేల్స్‌మన్ల జీతాలు, ఆటో, గోడౌను అద్దె, గుమస్తా కలిపి తొంభై ఐదు వేలు పోతే మిగిలేది 55 వేలు. ఇరవై లక్షల మీద నెలకి 2.75 శాతం, ఏడాదికి 33 శాతం. సంతోషంగా చేసుకుంటాడు. ఇప్పుడు నువ్వు ఎనిమిది లక్షలు అదనంగా దింపావు. పెట్టుబడి 28 లక్షలైంది. కొట్లు పెరగలేదు, తినేవాళ్ళు, తోముకునేవాళ్ళు పెరగలేదు, మిగిలేది అదే 55 వేలు. ఏడాది లెక్కన 33 శాతం కాస్తా 24 లోపుకి పడిపోయింది. ఆ ఎనిమిది లక్షలు ఓడీలో, అంటే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పులో తెచ్చినవైతే వడ్డీ వేరే. వచ్చే నెల ఆయన సరుకు ఎత్తడు. నీ టార్గెట్ మళ్ళీ తక్కువ పడుతుంది, ఈసారి ఎనిమిది కాదు, పదహారు.

సరుకు పేరుకుపోతే ఇంకేం జరుగుతుందో ఈమధ్యే చూశాం. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. రేటు తగ్గుతుందని తెలిశాక పాత ధర సరుకు కొనేవాడెవడు? గోడౌన్లు నిండుగా ఉన్న డిస్ట్రిబ్యూటర్లకి ఆ వారాలు ఎలా గడిచాయో మీ పెద్దాయన్నే అడుగు.

ఇప్పుడు నా సంగతి. 1999లో ఒక డిస్ట్రిబ్యూటర్‌కి నేనే నోటిమాటగా చెప్పాను, "వెనక్కి తీసుకుంటామండీ, నాదీ పూచీ" అని. రెండు నెలల్లో మా మేనేజరు బదిలీ అయ్యారు. కొత్తాయన "కాగితం ఉందా?" అన్నారు. లేదు. సరుకు ఎక్స్‌పైరీ అయింది, 63 వేల రూపాయలు ఆయనకి మునిగాయి. ఆ ఏడాది వాళ్ళమ్మాయి పెళ్ళికి నాకూ శుభలేఖ వచ్చింది. వెళ్ళాను. నన్ను పంక్తిలో కూర్చోబెట్టి, తానే దగ్గరుండి వడ్డించారు. ఆ 63 వేల ఊసు ఎత్తలేదు. ఆయన నాలుగు తిట్టుంటే నా అన్నం నేను తిని వచ్చేదాన్ని.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. ఇచ్చే అధికారం నీకు లేని మాట ఇవ్వకు. 'వెనక్కి తీసుకుంటాం' అన్నది మేనేజరు మాట అయితే దాన్ని మేనేజరే మెయిల్‌లో రాయాలి. పై లెక్కలాగే మీ పెద్దాయన అసలు లెక్క వేసి, మేనేజరుకి మర్యాదగా చూపించు. ఉత్తినే కాదనకు, బదులు చూపించు: "సార్, ఎనిమిది కాదుగానీ మూడు లక్షలైతే వచ్చే పది రోజుల్లో ఫలానా లైన్లలో అమ్మగలం, ఇదిగో కొట్ల లిస్టు." ఎదురుగా లిస్టు పెట్టి మాట్లాడే ట్రైనీని కసరడానికి ఏ మేనేజరైనా ఒక్క క్షణం ఆగుతాడు. ఆ మూడు లక్షలు కూడా హోల్‌సేల్ కొట్లో గుమ్మరించకు. అతను నాలుగు పైసలు తగ్గించి అమ్మితే మీ సేల్స్‌మన్ రేటుకి చిల్లర కొట్లవాళ్ళెవరూ కొనరు.

మేనేజరు అరుస్తాడు. ఆ నెల నీ పేరు పక్కన ఎర్రరంగు పడుతుంది. ట్రైనీగా ఉండగానే ఒక ఎర్ర నెల చూసేయడం అంత నష్టమేం కాదు. ప్రతి నెలా ఇదే పాట అయితే మాత్రం ఏడాది పూర్తి చేసుకుని వేరే కంపెనీ చూసుకో. ఆ పెద్దాయన్నే అడుగు, ఏ కంపెనీ వాళ్ళు బాగా చూస్తారో. ఆయన దగ్గర మూడు నాలుగు ఏజెన్సీలు ఉండే ఉంటాయి, ఆయనకి తెలిసినంత ఏ వెబ్‌సైట్‌కీ తెలియదు.

ప్రశ్న: అమ్మా, మాది కరీంనగర్. మా బాబు బీటెక్ మెకానికల్ చేసిండు. 'మేనేజ్‌మెంట్ ట్రైనీ, సేల్స్' అని ఒక కంపెనీ ఆఫర్ ఇచ్చింది. ట్రైనింగ్ ఫీజు 35 వేలు ముందే కట్టాలంటున్నరు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టాలంటున్నరు. రెండేళ్ళ బాండు, మధ్యల మానేస్తే రెండు లక్షలు కట్టాలె. బాండ్లు కోర్టుల చెల్లవని తెలిసినాయన చెప్పిండు. చేర్పించమంటరా?

జవాబు: అన్నా, మూడింటికీ మూడు వేరు జవాబులు.

డబ్బు కట్టి చేరే ఉద్యోగం ఉద్యోగం కాదు. మనకి జీతం ఇచ్చి నేర్పించేదాన్నే ట్రైనీ పోస్టు అంటారు. కట్టొద్దు.

ఒరిజినల్స్ చూపించి, అక్కడికక్కడే వెనక్కి తీసుకోవాలి. వాళ్ళకి ఇవ్వాల్సింది జిరాక్సులే. సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉంటే రేపు ఇంకో ఉద్యోగం వచ్చినా బాబు కదల్లేడు, అందుకే అడుగుతారు.

బాండు సంగతి అంత తేలిక కాదు. 'చెల్లవు' అన్న మాట పట్టుకుని సంతకం పెట్టించకండి. వ్యాపారం చేసుకోకుండా, ఉద్యోగం చేసుకోకుండా మనిషిని కట్టేసే ఒప్పందాలు చెల్లవని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది, నిజమే. కానీ 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళు పనిచేయకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళకి పెట్టిన షరతు వేరు, మానేశాక ఇంకెక్కడా పని చేయొద్దనడం వేరు. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మీది ప్రైవేటు కంపెనీ, కాబట్టి మీ బాండు గురించి ఊళ్ళో వకీలుకి ఒకసారి చూపించండి. ముఖ్యంగా ఒక వాక్యం వెతకమనండి: కంపెనీయే బాబుని తీసేసినా రెండు లక్షలు కట్టాలని ఉందా? ఉంటే ఆ కాగితం అక్కడే పెట్టి వచ్చేయండి.

కంపెనీ పేరు ఉత్తరంలో రాశారు గానీ ఇక్కడ అచ్చు వేయడం లేదు. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్లో ఆ పేరు కొట్టి చూస్తే రిజిస్టర్ అయిందో లేదో, ఎప్పుడయిందో కనిపిస్తుంది. ఆఫర్ లెటర్ ఏ మెయిల్ నుంచి వచ్చిందో కూడా చూడండి. పెద్ద కంపెనీ పేరు పెట్టుకుని మామూలు జీమెయిల్ నుంచి పంపితే ఇంక ఆలోచించక్కర్లేదు.

ఒకవేళ ఈపాటికే ఆన్‌లైన్లో డబ్బు పంపేసి, మోసమని అనుమానంగా ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. పంపిన రసీదు, వాళ్ళ మెసేజీల స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. బాబుని మాత్రం వాళ్ళతో ఫోన్లో గొడవ పడొద్దనండి. మాట్లాడిన కొద్దీ 'ఇంకో ఐదు వేలు కడితే మొత్తం రీఫండ్ ఇస్తాం' అంటారు.